ఆకులేగా పోయింది

ఏందిరా వంశీ, రెండు మంచి ముక్కలు మాట్లాడాలా? నేనా? మీ పెద్దతాత మస్తాన్‌రావు గురించా? కూర్చో ముందు. ఆ కుర్చీలో వద్దు, దాని కాలు ఊగుద్ది, మంచం మీద కూర్చో. ఏమే ఆదిలక్ష్మీ, మస్తాన్‌రావు మావ తమ్ముడి మనవడొచ్చాడు, కాసిని టీ పెట్టు. ఆ, ఇప్పుడు చెప్పు. విగ్రహం పెడతన్నారా, సెంటర్లోనా. పెట్టుకోండి. సిమెంటు మీది, సెంటరు మీది. కింద ఏం రాయిస్తన్నారు? ఆ ఫోను నాకు చూపిస్తే ఏం కనపడుద్ది, నువ్వే చదువు. 'ఆదర్శ రైతు.' ఊఁ. ఇంకా? 'మన ప్రాంతానికి ద్రాక్ష సాగు తెచ్చిన మార్గదర్శి.' మళ్ళా చదువు. ఆహా. ఎవడ్రా రాసింది ఇది? బాబీయా? వాడు రాస్తాడు. ఎందుకు రాయడు. ఆ మాట రాయడానికి వాడికి చెయ్యెట్టా వచ్చిందో నాకు తెలవాలి గానీ.

ద్రాక్ష తెచ్చింది మీ పెద్దతాత కాదురా. హైమావతి తెచ్చింది. ఎవరా? చూశావా, పేరు కూడా వినలేదు నువ్వు. ఆ ఇంటో పుట్టినోడివి, ఆ పేరు నీ చెవిన పడలేదంటే ఎంత బాగా తుడిచారో చూడు. మీ బాబీ పెదనాన్న మొదటి పెళ్ళాం. ఇప్పుడున్న మీ పెద్దమ్మ కాదు, ఆమె తర్వాతొచ్చింది, ఆమె మంచిదే, ఆమెనేం అనను. హైమావతిది మేడ్చల్ అవతల. పుట్టడం అక్కడే గానీ వాళ్ళు మనోళ్ళే. వాళ్ళ నాయన సత్తెనపల్లి కాడ ఉన్నది అమ్ముకుని అక్కడికి పోయి చేలు కొనుక్కున్నోడు. అప్పట్లో మనోళ్ళు చానామంది అట్టా పోయారులే. అక్కడ వాళ్ళకి ద్రాక్ష. పందిరి కింద ఉయ్యాల్లో పడుకుని, పందిరి కిందే పాకి, పందిరి కిందే పెరిగింది ఆ పిల్ల. తెచ్చి బాబీకిచ్చి చేశారు. బాబీ సంగతి నీకు తెలిసిందేగా. జుట్టు నెరిసినా ఇంకా బాబీయే, అప్పుడూ బాబీయే. వాళ్ళ నాన్న లేవమంటే లేచేవాడు, కూర్చోమంటే కూర్చునేవాడు. ఆ పిల్ల అట్టా కాదు. పొడుగ్గా ఉండేది. నడిస్తే గట్టు అదిరేది, నవ్వితే మా చేలోకి వినపడేది.

పెళ్ళయిన మరుసటేడు పుట్టింటికి పోయి వస్తా వస్తా తడి గోనెపట్టాలో చుట్టి తీగముక్కలు తెచ్చింది. బస్సులో, ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లని తెచ్చినట్టు. వాళ్ళ అత్త వీరరాఘవమ్మ బజారంతా చెప్పింది, "అందరి కోడళ్ళూ పుట్టింటి నించి చీరెలు తెచ్చుకుంటారమ్మా, మా కోడలు కట్టెపుల్లలు తెచ్చుకుంది" అని. ఊరంతా నవ్వింది. మా ఆదిలక్ష్మి కూడా నవ్వింది, కావాలంటే అడుగు. మీ పెద్దతాత ఏ చేను ఇచ్చాడనుకుంటన్నావ్ ఆమెకి? కాలవ కింద నల్లరేగడి ఉంది, అదంతా మిరపకీ పత్తికీ. ఇదుగో, కొండవాలున మా చేను పక్కన ఎర్ర గరప చేను ఉందే, నాపరాళ్ళు పైకి తేలి, నాగలేస్తే నిప్పులొచ్చే చేను, అది ఇచ్చాడు. "ముచ్చటపడతంది, ఆడుకోనీలే" అన్నాడు. ఆడుకోనీ అన్నాడు, గుర్తుపెట్టుకో. మార్గదర్శి అన్న మాట అదే.

గట్టుకి ఇవతల నాది, అవతల వాళ్ళది. అందుకని చూశా నేను. ఒకరు చెపితే విన్నది కాదు ఇది. ఆ రాళ్ళలో గుంటలు తవ్వించి, చెరువుమట్టి పోయించి, ముక్కలు నాటింది. ఆ పాత బోరు నీళ్ళు బిందెలతో మోసింది, కూలోళ్ళతో పాటు తనూ మోసింది. మన ఎండలు నీకు తెలవనియ్యా, రెంటచింతలలో ఎండకి కాకులు కూడా మాట్లాడవు, అట్టాంటి ఎండలో ఒక్కో మొక్కకీ తాటాకు గొడుగు కట్టింది. వానలు పడేసరికి లేచినయ్యి రా. నాపరాతి స్తంభాలు పాతించి, తీగలు లాగి పందిరేసింది. అప్పుడొచ్చాడు మీ పెద్దతాత. ఖద్దరు చొక్కా తొడుక్కుని, పార్టీ వాళ్ళని వెంటేసుకుని, చెయ్యి ఇట్టా చాపి, "నా ద్రాక్షతోట" అన్నాడు. అప్పటిదాకా కోడలి ఆట, పందిరి లేచాక నా తోట. ఆమె వినింది, నవ్వి ఊరుకుంది. ఎవరిదైతే ఏముందిలే, చెట్టు బతికితే చాలు అనుకునే రకం.

నేనే ఒకసారి అడిగా, ఏందమ్మా ఇంత ఆకు పెంచుతన్నావు, కాయ యాడ అని. చేలో పని చేసుకుంటా చెప్పింది. ఆ పిల్లకి పాఠం చెప్పడం రాదు, ఇంటో సంగతి చెప్పినట్టు చెప్పేది. "ఆకు వండుద్ది అన్నయ్యా, తీగ మోసుద్ది, వేరు దాచుకుంటది. తొలేడు కాయ అడగకూడదు. ఈ ఏడు అది తినంగా మిగిలింది వేర్లలో, మొదట్లో దాచుకుంటది. మళ్ళా ఏడు కత్తిరించాక ఆకు ఒక్కటీ ఉండదుగా, అప్పుడు ఆ దాచుకున్నదాంట్లోంచి తీసుకునే కొత్తాకు ఇగురు పెట్టుద్ది" అంది. నాకేం తెలుసు ద్రాక్ష గురించి, నేను మిరప రైతుని. మిరపకాయకి ఏడాదే బతుకు, దాచుకునే పనే లేదు. కానీ ఆ మాట నాకు తలకెక్కింది. మన ఇళ్ళలో అంతేగా, పండినప్పుడు గాదెలో పోసుకుంటేనే వానాకాలంలో తింటాం.

శ్రావణంలో మేకలొచ్చినయ్యి. మేకలు వాటంతట అవి రాలేదురా. అప్పుడు పంచాయతీ ఎలక్షన్లు. ఆ పార్టీ ఈ పార్టీ, మన ఊళ్ళో సంగతి నీకు చెప్పేదేముంది. తోట నరికితే కేసు. పోలీసులొస్తారు, గురజాల కోర్టు చుట్టూ తిరగాలి. మేకలు మేస్తే కేసు లేదు, మేకకి ఏం తెలుసు అంటారు. అవతల పార్టీ వాళ్ళు మా గట్టు వైపు కాదు, అవతలి వైపు ముళ్ళకంప లాగేసి మందని తోలారు. పొద్దున నేను పోయేసరికి ఆ పిల్ల తోట మధ్యలో నిలబడి ఉంది. ఒక్క ఆకు లేదు. ఊదుబత్తులు గుచ్చినట్టు ఉత్త తీగలు. మోటారు గది చుట్టూ కంప దిట్టంగా ఉండబట్టి ఆ పక్కన ఒక్క చెట్టు మిగిలింది. ఏడుస్తదేమో అనుకున్నా, ఏడవలా. ఒక్కో తీగనీ చేత్తో పట్టుకుని చూస్తా పోయింది, దెబ్బ తగిలిన పిల్లోణ్ణి తడిమినట్టు.

పంచాయితీ పెట్టారు. పెద్దమనుషులంతా కూర్చున్నారు. ఒకాయన, పోయాడులే ఆయన కూడా, గొంతు సవరించుకుని, "ఆకులేగా పోయింది. తీగ నిలబడే ఉంది. నాలుగు రోజులు పోతే ఇగురేసుద్ది. దీనికి తప్పేంది, శిక్షేంది" అన్నాడు. అందరూ తలలూపారు. ఆకులేగా, ఆకులేగా. ఆడోళ్ళు అరుగు కింద నిలబడి ఉన్నారు, వాళ్ళలోంచి ఈ పిల్ల ముందుకొచ్చి, "మేకలు ఈ ఏటి ఆకు తినలేదండీ, వచ్చే ఏటి కాపు తిన్నయ్యి" అంది. "ఆడోళ్ళ మాట తర్వాతమ్మా" అన్నాడాయన. ఆ 'తర్వాత' ఇప్పటిదాకా రాలేదు. పోనీ వాళ్ళు అవతల పార్టీ. మీ పెద్దతాత ఏమన్నాడు? తోట యజమాని ఏమన్నాడు? "నిజమే, ఆకులేగా" అన్నాడు. ఎందుకన్నాడో నాకు తర్వాత తెలిసింది. ఆ ముందురోజే రెండు పార్టీలూ లోపల మాట్లాడుకుని రాజీ పడ్డయ్యి. ప్రెసిడెంటు మీకు, వైస్ ప్రెసిడెంటు మాకు. రాజీ అయినోడు మేకల గురించి మాట్లాడతాడా? కోడలి తోట ఆకులు కూడా ఆ రాజీలో కలిపేశాడు. నువ్వు ఇబ్బందిగా కదలకు, మంచం కిర్రుమంటంది. విను.

ఇగురేసింది. నిజంగానే, పదిహేను ఇరవై రోజుల్లో పచ్చగా ఇగురేసింది. ఊళ్ళో వాళ్ళంతా వచ్చి చూసి, మేం చెప్పలా, ఆకులేగా అన్నాం కదా అన్నారు. వీరరాఘవమ్మ ఐతే కోడలి మొహం మీదే, "ఊరికే ఏడ్చి చచ్చావు" అంది. హైమావతి మాత్రం ఆ పచ్చదనం చూసి సంతోషపడలా. గట్టు మీద కూర్చుని నాతో అంది. "ఈ ఇగురు యాడి నించి వచ్చిందనుకుంటన్నావ్ అన్నయ్యా? విత్తనాలకి దాచిన గింజలు తీసి వండుకుంటంది అది. ఈ ఆకులన్నా నిలిస్తే మళ్ళా పోసుకుంటది. నిలవాలి" అంది. నిలిచినయ్యా? దసరా అయ్యిందో లేదో మళ్ళా తోలారు. ఎందుకు తోలరు? మొదటిసారి ఆకులేగా అని వదిలేస్తే రెండోసారి తోలకుండా ఉంటారా? ఈసారి పంచాయితీ కూడా పెట్టలేదు. మళ్ళా మొలిచినయ్యి, ఆ మొలవడం చూడాలి నువ్వు, ఆకు ఇంతే, రూపాయి బిళ్ళంత, పాలిపోయి, కాడ సన్నగా. అయినా దూరం నించి చూస్తే పచ్చగానే ఉండేది. దూరం నించి చూసేవాళ్ళే ఎక్కువ కదా మనూళ్ళో.

టీ పెట్టావా? అక్కడ పెట్టు. పంచదార వెయ్యలేదు కదా నాకు. ఆ. ఏమంటన్నా... ఖదీజా మేడం. నరసరావుపేట నించి హార్టికల్చర్ ఆఫీసరు, చిన్న పిల్ల, కొత్తగా ఉద్యోగమొచ్చి స్కూటీ మీద తిరిగేది. హైమావతే కబురు పెట్టి పిలిపించింది. ఆమె వచ్చి తోటంతా తిరిగి, మేకలు తిన్న చెట్టుది ఒక ముక్క, మోటారు గది పక్కన మిగిలిన చెట్టుది ఒక ముక్క, పెన్సిలంత, కోసింది. కోసిన చోట సంచిలోంచి ఒక సీసా తీసి చుక్క వేసింది. దెబ్బలకి పూసే అయోడిన్ లేదూ, అట్టాంటిది. గది పక్కన చెట్టు ముక్క చూస్తా ఉండంగానే కాటుకలాగా నల్లబడింది. మేకలు తిన్నది నల్లబడలా, పలచటి టీ రంగులోనే ఉండిపోయింది. వేరు తవ్వి వేరుకీ వేసింది, అదీ అంతే. "నల్లబడింది పిండిపదార్థమండీ, చెట్టు దాచుకున్న తిండి. వీటిల్లో ఏం లేదు. ఈ ఏడు కాపుకి కత్తిరించొద్దు. పొట్టిగా కోసేసి, పూత వస్తే తుంచేసి, ఒక ఏడు ఆకే పెంచండి. బతుకుతయ్యి" అని ఎంతో మర్యాదగా చెప్పింది మీ పెద్దతాతతో. హైమావతి పక్కనే నిలబడి ఉంది, మొదటిసారి ఎవరో తన మాట మాట్లాడినట్టు మొహం వెలిగింది ఆ పిల్లకి. మీ పెద్దతాత ఆ మేడానికి కాఫీ ఇప్పించి, సరేనమ్మా, అట్టాగేనమ్మా అన్నాడు. స్కూటీ మలుపు తిరగంగానే, "సిరా చుక్కేసి చెట్టుకి జాతకం చెప్తందంటరా ఈ పిల్ల" అని నవ్వాడు. బాబీ కూడా నవ్వాడు. నవ్వాలి కదా వాడు.

ఎందుకు వినలేదంటే, అప్పటికే మాటిచ్చేశాడు. పై నాయకుడు ఒకాయన వస్తన్నాడు, శివరాత్రికి కోటప్పకొండ పోతా పోతా మన ఊరొచ్చి, మస్తాన్‌రావు తోటలో తొలి గుత్తి కోస్తాడు. ఫోటోలు, పేపరోళ్ళు. మేకలు తోలినోళ్ళ ముందు గుత్తులు వేలాడాలి. నాకు అది కూడా అర్థమవుద్ది రా, మగోడికి రోషం ఉంటది. కానీ రోషం నీది, దానికి తిండి పెట్టాల్సింది చెట్టు. చెట్టు దగ్గర ఏముంది? ఏమీ లేదని నల్లబడని ముక్క చెప్పింది, కళ్ళతో చూశావు, నవ్వావు. కార్తీకంలో కాపుకి కత్తిరించారు. హైమావతి అడ్డం నిలబడింది, మావయ్యా ఒక్క ఏడాది, ఒక్క ఏడాది అని. ఒకసారి ఆయన కాళ్ళ మీద కూడా పడింది, నేను చూశా, కూలోళ్ళందరి ముందూ. ఆయన పక్కకి జరిగి, నడిచి పోయాడు.

తీగ మీద కళ్ళు, అదే, ఇగురొచ్చే మొగ్గలు, పగిలినయ్యి. సగం పగిలినయ్యి, సగం గుడ్డియ్యే. పగిలినచోట్ల రెండాకులు వచ్చినయ్యో లేదో గుత్తి బయటపడింది. ఆకు తక్కువ, గుత్తులు ఎక్కువ. చావబోయే చెట్టు కాపు మీద పడుద్దంటారే, అట్టా. మీ పెద్దతాత గుత్తులు లెక్కేసుకుంటా తిరిగేవాడు. "చూశారా, చూశారా, ఏదీ ఆ సిరాసీసా పిల్ల" అంటా. ఆ వారంలో ఒక రోజు పొద్దున్నే నేను చేలోకి వచ్చేసరికి హైమావతి ఒక్కతే ఉంది తోటలో. చీరె బొడ్లో దోపి, ఒడి కట్టుకుని, పూత గుత్తులు ఒక్కోటీ గిల్లి ఒళ్ళో వేసుకుంటంది. కంగారు లేదు, దాపరికం లేదు. సాలు తర్వాత సాలు. మా గట్టు వైపు నించి మొదలుపెట్టి సగం తోట అయిపోయింది. నేను పలకరించా, ఏందమ్మా ఇది అని. "బరువు దించుతున్నా అన్నయ్యా" అంది. అంతే.

వీరరాఘవమ్మ చూసింది. కేకలేసింది. మావ వచ్చాడు, బాబీ వచ్చాడు, కూలోళ్ళు వచ్చారు. ఆ పిల్ల ఒడి నిండా పచ్చటి పూత. మీ పెద్దతాత ఆమెని చూడనన్నా చూడకుండా, కొడుకు వైపు తిరిగి, "ఒరేయ్, నీ పెళ్ళాం చేతులు ఆపు" అన్నాడు. బాబీ కొట్టాడు. ఒక దెబ్బ కాదు. నేను గట్టు దూకి పోయి వాడి చెయ్యి పట్టుకున్నా. "మా ఇంటి సంగతి, నువ్వు పో" అన్నాడు మీ పెద్దతాత నన్ను. ఆ దెబ్బలకి ఒడి ఊడిపోయి పూతంతా నేలపాలయ్యింది. ఆ పిల్ల మొగుణ్ణి చూసి, ఏడవకుండా, అరవకుండా, తను తుంచిన సాళ్ళ వైపు చెయ్యి చూపించి, "కొట్టుకో. ఆ సాళ్ళు మాత్రం బతుకుతయ్యి" అంది. ఇదిగో, ఈ చెవులతో విన్నా.

తర్వాతేమైంది? చెప్పా కదా, కళ్ళతో చూసినోణ్ణి. గుత్తులు వదిలిన సగంలో కాయ మిరియం గింజంత అయ్యేసరికి ఆకులు పసుపయ్యి రాలినయ్యి. కాయ ఎండిపోయి గుత్తికే అతుక్కుపోయింది. శివరాత్రికి నాయకుడు రాలేదు, వస్తే చూపించడానికి ఏమీ లేదు కూడా. తనకి జ్వరమని ముందే కబురు పంపించాడు మీ పెద్దతాత. ఎండలు ముదిరేసరికి ఆ సగం కట్టెలయ్యింది. గోటితో గీకితే లోపల పచ్చ లేదు. ఈ సగం, హైమావతి తుంచిన సగం, ఉగాదికి ఆకు వేసింది. అరచేయంత ఆకు. మందంగా, ముదురుపచ్చగా. ఎండకి వాడేది, సాయంత్రానికి లేచేది. ఎవరొచ్చినా గట్టు మీద నిలబడితే గీత గీసినట్టు కనపడేది. ఇటు బతికింది, అటు చచ్చింది. కోడలి చెయ్యి పడ్డది ఇటు, మావ మాట పడ్డది అటు. మా చేలోకి వచ్చిన కూలోళ్ళందరూ నిలబడి చూసేవాళ్ళు. ఒకామె అననే అంది, "పిల్ల చెప్పిందే నిజమయ్యిందిగదమ్మా" అని. ఆ మాట బజారుకి పోయింది. బజారు నించి సెంటరుకి పోయింది. సెంటర్లో మీ పెద్దతాత టీ తాగుతుంటే ఎవరో నవ్వారంట.

అది చాలు ఆయనకి. వైశాఖంలో, మిట్టమధ్యాహ్నం, ట్రాక్టరొచ్చింది. కరీముల్లా అని డ్రైవరు, వెనకాల గొలుసు కట్టి ఉంది. ఎండిపోయిన సగం పీకడానికేమో అనుకున్నా. కాదు, తిన్నగా ఈ సగానికి పోయింది. కరీముల్లా దిగి తీగ పట్టుకుని చూసి, "పెద్దయ్యా, ఇయ్యి బతికున్నయ్యి" అన్నాడు. "తెలుసు, పీకు" అన్నాడు మీ పెద్దతాత. తెలుసు అన్నాడురా. తెలవక చేస్తే నేను ఇంత మాట్లాడేవాణ్ణి కాదు. మేకకి తెలవదు, మేకని తిట్టను. ఆకులేగా అన్న పెద్దమనుషులకి తెలవదు, సర్లే, బుద్ధి లేదు అనుకుంటా. ఈయనకి తెలుసు. బతికిన చెట్టు నిలబడి ఉన్నంతకాలం ఆ పిల్ల మాట నిలబడి ఉంటది, అందుకే పీకమన్నాడు. కరీముల్లా తాళం చెయ్యి దానికే ఉంచి, చెట్టు నీడకి పోయి కూర్చున్నాడు. "నా వల్ల కాదు పెద్దయ్యా" అన్నాడు. అప్పుడు బాబీ ఎక్కాడు. మీ మార్గదర్శి అని రాసిన బాబీ. పెళ్ళాం నాటిన చెట్లని గొలుసేసి ఒక్కోటీ లాగాడు. నాపరాళ్ళలోకి దిగిన వేర్లు, అంత తేలిగ్గా వస్తయ్యా, బండి ముందు చక్రాలు లేచినయ్యి. నేను పోయి, మావా, బతికిన చెట్లు మావా, పాపం అన్నా. "చచ్చిన తోటకి సగం బతుకేంటి" అన్నాడు. హైమావతి మోటారు గది గుమ్మంలో నిలబడి ఉంది. చివరి సాలు లేచేదాకా నిలబడి, ఆ తర్వాత చెప్పులేసుకుని రోడ్డు వైపు నడిచింది. ఇంటికి కూడా పోలా. మాచర్ల బస్సెక్కిందని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రానికల్లా ఊళ్ళో కత తయారు. కోడలి చెయ్యి మంచిది కాదు, నాటినవన్నీ చచ్చినయ్యి, అవమానంతో పుట్టింటికి పోయింది. వీరరాఘవమ్మ చెప్పింది, ఊరు నమ్మింది. మరుసటేడు బాబీకి మళ్ళా పెళ్ళి చేశారు. ఇప్పుడు ద్రాక్ష తెచ్చింది మావ అయ్యాడు, చంపింది కోడలు కూడా కాదు, అసలు కోడలే లేదు.

తాగరా, టీ తాగు. మొహం అట్టా పెట్టకు, నువ్వేం చేశావు, పుట్టలేదు కూడా అప్పటికి. హైమావతి ఇప్పుడెక్కడా? చచ్చిపోయింది ఆమె, పదేళ్ళ పైమాటే. లివరు చెడిందన్నారు. తాగుడు లేదు ఏమీ లేదు, మంచిమనిషికి అదెందుకొచ్చిందో. పోయే ముందు నేనొకసారి చూశా. మా మేనల్లుడి పెళ్ళికని మేడ్చల్ వైపు పోయా, వాళ్ళ ఊరు దగ్గరే అన్నారు, వెతుక్కుంటా పోయా. వాళ్ళ అన్నల తోటలో, పందిరి కింద, కత్తెర పట్టుకుని కత్తిరింపు చేస్తంది. జుట్టు నెరిసింది గానీ అదే పొడుగు, అదే నడక. నన్ను చూడంగానే గుర్తుపట్టి, అన్నయ్యా అని నవ్వింది. నీడలో కూర్చోబెట్టి గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. ఊరి సంగతి అడగలా. మీ పెద్దతాత మంచంలో ఉన్నాడని చెప్పినా, ఊఁ అని ఊరుకుంది. బాబీ ఎట్టా ఉన్నాడని కూడా అడగలా. నేనింక లేచి వస్తంటే పందిరి చివరిదాకా వచ్చి, అప్పుడు అడిగింది. "అన్నయ్యా, ఆ మొదళ్ళు ఏం చేశారు, పీకినయ్యి?" అంది. అబద్ధం చెప్దామనుకున్నా. నోరు రాలేదు. ఇంటికి తోలుకుపోయి నీళ్ళ పొయ్యిలో పెట్టారమ్మా, మీ మావ స్నానానికి అన్నా. కాసేపు చేతిలో ఉన్న కత్తెర తెరుస్తా మూస్తా నిలబడింది. "పొగొచ్చుంటదే అన్నయ్యా," అంది. "పచ్చియ్యిగా."

...

ఆ చెత్త కుర్చీ కాలు ఎవడన్నా వడ్రంగి దొరికితే పంపించరా, ఎన్నాళ్ళ నించో అంటన్నా. వీళ్ళెవరికీ పట్టదు.